యజమాని తిరిగి వచ్చి అడిగితే



మా చెల్లెలి కొడుకు సెలవులకు మా ఇంటికి వచ్చాడు. ఒకరోజు రాత్రి పదకొండు దాటినా వాడి గదిలో దీపం ఆరలేదు. లోపలినుంచి మాటలు పెద్దగా వినబడుతున్నాయి. "అతణ్ణి అప్పగించేశావా? నీకు మనసెలా ఒప్పిందిరా?" అని ఫోనులో ఎవరినో నిలదీస్తున్నాడు. నాకు గుండె జారింది. ఎవరినో ఎక్కడో పట్టించేశారు కాబోలు అనుకుని తలుపు తోశాను. వాడు సిగ్గుపడి, "ఆటలో మనిషి పెద్దమ్మా. అసలు మనిషి కూడా కాదు, ఎల్ఫ్" అన్నాడు.

లేని మనిషి కోసం ఇంత పోట్లాటా అని మొదట నవ్వు వచ్చింది. తర్వాత కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. మూడు రాత్రులు అలాగే కూర్చున్నాను. మీ ఇళ్లలోనూ యౌవనస్థులు ఉన్నారు గనుక నేను చూసింది మీతో చెప్పాలనిపించింది.

ఎల్ఫులు యూరప్ ఉత్తర దేశాల పాత కథలలోని జాతి. మన కథలలో యక్షులూ గంధర్వులూ ఉన్నట్టు అక్కడ వీరు. చెవులు మొనదేలి ఉంటాయి. ఇంగ్లండు ఆచార్యుడు టోల్కీన్ 1954, 1955 సంవత్సరాలలో ప్రచురించిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో వీరు అందగాళ్లు, జ్ఞానులు, వయసు మీదపడి చావనివారు. ఆ తర్వాత వచ్చిన ఆటలు చాలావరకు ఆ రూపాన్నే పట్టుకున్నాయి. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉన్న బయోవేర్ అనే సంస్థ మాత్రం 2009లో 'డ్రాగన్ ఏజ్' కథలు మొదలుపెట్టినప్పుడు దీన్ని తలకిందులు చేసింది. ఈ కథలలో ఎల్ఫులు ఓడిపోయిన జనం. టెవింటర్ అనే సామ్రాజ్యంలో తరతరాలుగా బానిసలు. బానిసత్వం లేని రాజ్యాలలో కూడా పట్టణానికి ఒక మూల గోడ కట్టి, వారిని ఆ గోడ లోపల వేరుగా ఉంచుతారు. పాచిపనులకు పిలుస్తారు, పక్కన కూర్చోనివ్వరు. ఈ మాట చదివేసరికి మన పాఠకులలో కొందరికి ఏ పేటలు గుర్తొస్తాయో నేను వేరే చెప్పనక్కరలేదు.

మావాడు ఆడేది 2011 మార్చిలో వచ్చిన రెండవ ఆట. హాక్ అనే కథానాయకుడు (నాయిక కూడా కావచ్చు, ఆడేవారి ఇష్టం) యుద్ధంలో ఊరు పోగొట్టుకుని, కుటుంబంతో కర్క్‌వాల్ అనే రేవు పట్టణానికి వలస వస్తాడు. అక్కడ అతనికి ఒక్కొక్కరుగా తోడు చేరతారు. అలా చేరినవారిలో ఒకడు ఫెన్రిస్. తెల్లటి జుట్టు, ఆకుపచ్చ కళ్లు, తనంత పొడవు కత్తి. ఒళ్లంతా తెల్లని గీతలు. అవి పచ్చబొట్లు కావు. డెనారియస్ అనే మాంత్రికుడు, అంటే అతని యజమాని, లిరియం అనే మంత్రశక్తి గల ఖనిజాన్ని అతని చర్మంలోకి ఎక్కించాడు. ఆ బాధకు అతని పాత జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తల్లి ఎవరో తెలియదు. తన అసలు పేరు లెటో అన్న సంగతి కూడా తెలియదు. ఫెన్రిస్ అన్నది యజమాని పెట్టిన పేరు.

తప్పించుకుని పారిపోయి వచ్చాడు. వెనుక వేటగాళ్లున్నారు.

ఈ పాత్ర మాటలు రాసినది డేవిడ్ గైడర్ అనే రచయిత, గొంతు ఇచ్చినది గిడియన్ ఎమెరీ అనే నటుడు. ఆ బొంగురు గొంతంటేనే ప్రాణం ఇచ్చేవారు అభిమానులలో చాలామంది ఉన్నారట. అది సరే. కానీ వారు అసలు కొట్టుకునేది వేరే సంగతుల మీద.

మొదటిది సెహెరాన్ సంగతి. సెహెరాన్ ఒక దీవి. దాని మీద దాడి జరిగినప్పుడు యజమాని ఓడ ఎక్కి పారిపోయాడు. ఓడలో బానిసకు చోటు లేదు. గాయాలతో పడి ఉన్న ఫెన్రిస్‌ను అక్కడి అడవిలో దాగి పోరాడే తిరుగుబాటుదారులు ఎత్తుకెళ్లి, సేవ చేసి బ్రతికించారు. వారు ఎవరి ఆజ్ఞకూ లోబడని మనుషులు. అలాంటి బ్రతుకు ఒకటుందని అతనికి మొదటిసారి తెలిసింది. కొన్నాళ్లకు యజమాని తిరిగి వచ్చాడు. వీరిని చంపు అన్నాడు. ఫెన్రిస్ చంపేశాడు, తనకు సేవ చేసిన వారినందరినీ. ఆ తర్వాత తన చేతులు చూసుకుని, అక్కడినుంచి పారిపోయాడు.

ఇక్కడ అభిమానులు రెండు పక్షాలు. పుట్టినది మొదలు ఆజ్ఞ తప్ప వేరే ఎరుగనివాడు, ఆ చెయ్యి అతనిది కాదు యజమానిది అని ఒక పక్షం. పారిపోవడానికి చాలిన తెగువ చంపిన తర్వాత వచ్చింది గదా, అది ముందే ఎందుకు రాలేదు అని రెండవ పక్షం. మావాడు మొదటి పక్షం. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను. నా చిన్నతనంలో మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. పాలేరుతనం మానేసి చాలా ఏళ్లయినా, పాత ఆసామి గొంతు వినబడితే తింటున్న అన్నం విడిచి లేచి నిలబడేవారు. ఆయన ఎందుకు లేస్తున్నారో ఆయనకే తెలిసేది కాదు. ఫెన్రిస్ ఆ మాట చెబుతుంటే నాకు ఆయన ముఖమే కనబడింది.

రెండవ తగవు అతని ద్వేషం. మాంత్రికులంటే అతనికి గిట్టదు. ఒక్క డెనారియస్ అనే కాదు, మంత్రశక్తితో పుట్టినవారందరినీ కట్టడిలో ఉంచవలసిందే అంటాడు. జట్టులోనే ఆండర్స్ అనే మాంత్రికుడున్నాడు. అతడు తనవారిని ఖైదులో పెట్టారని మండిపడేవాడు. ఇద్దరూ ఎదురుపడితే నిప్పూ పెట్రోలూ. మెరిల్ అని ఇంకొక ఎల్ఫ్ పిల్ల ఉంది. మెత్తని మనిషి, కానీ రక్తంతో మంత్రం వేస్తుంది. ఫెన్రిస్ ఆమెతో మాట్లాడే తీరు చూస్తే నాకే కోపం వచ్చింది. అతణ్ణి ఎంతో ప్రేమించే అభిమానులు సైతం ఇక్కడ సమర్థించలేక తల దించుకుంటారట. బాధపడినవాడి మాట గనుక ప్రతి మాటా న్యాయమేనా? ఒకడు చేసిన కీడుకు ఒక జాతినంతా దోషిగా నిలబెట్టవచ్చునా? ఆట వచ్చి ఇన్నేళ్లయినా ఈ వాదన చల్లారలేదు. ఆట తయారుచేసినవారు ఇక్కడ ఒక తెలివైన ఏర్పాటు చేశారు. హాక్ తనతో ఏకీభవిస్తే ఫెన్రిస్‌కు స్నేహం పెరుగుతుంది, ఎదిరిస్తే పోటీ పెరుగుతుంది. ఆ పోటీ కూడా చివరకు ఒక గట్టి బంధమే అవుతుంది. అతనితో అడుగడుగునా వాదించిన హాక్‌ను కూడా అతడు గౌరవిస్తాడు.

ఇక ఆ రాత్రి ఫోనులో పోట్లాడిన సంగతి. కథ మధ్య భాగంలో ఫెన్రిస్‌కు ఒక సోదరి ఉన్నదని తేలుతుంది. పేరు వరానియా. చివరి భాగానికి ఆశతో కబురు పంపి రప్పించుకుంటాడు. సత్రంలో ఆమెను కలుసుకుంటే వెనుకనే డెనారియస్ దిగి వస్తాడు. తనను మాంత్రికురాలిగా పైకి తెస్తానన్నాడని ఆమె సోదరుణ్ణి పట్టించింది. అప్పుడు ఆ యజమాని ఫెన్రిస్‌తో బేరమాడడు. హాక్ వైపు తిరిగి, నా సొత్తు నాకు ఇచ్చెయ్యి అంటాడు.

ఆడేవారు ఇవ్వవచ్చు, మానవచ్చు. ఇస్తే ఫెన్రిస్ వెళ్లిపోతాడు. కథలో మళ్లీ కనబడడు. మావాడి స్నేహితుడు ఏమవుతుందో చూద్దామని ఆ మీట నొక్కాడు. అందుకే ఆ గొడవ. నన్ను అడిగితే, ఆ పిల్లవాడు ఊరికే చూద్దామని నొక్కాడు గానీ, చూసిన తర్వాత రెండు రోజులు ఆట ముట్టుకోలేదట. అదీ మంచిదే.

ఇవ్వకపోతే యుద్ధం జరుగుతుంది, డెనారియస్ చస్తాడు. అప్పుడు వరానియా మిగులుతుంది. ఆమె చెప్పిన మాట నేను రెండుసార్లు పెట్టించుకుని విన్నాను. ఆ గీతలు నువ్వు కోరుకున్నవే, వాటి కోసం నువ్వు ఇతరులతో పోటీపడి గెలిచావు, ప్రతిఫలంగా అమ్మకూ నాకూ విడుదల అడిగావు అంటుంది. ఆ విడుదల మాకు మేలు కాలేదు అని కూడా అంటుంది. డబ్బు లేదు, నీడ లేదు, పని ఇచ్చేవారు లేరు, ఒట్టి స్వేచ్ఛ ఒక్కటే చేతిలో. ఆమెను చంపనిచ్చినవారూ ఉన్నారు, ఆపినవారూ ఉన్నారు. ద్రోహి అన్నవారిని నేను కాదనను. ఆకలిని లెక్కలోకి తీసుకోనివారితో మాత్రం ఏకీభవించను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ ఆటకు అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే అన్న ముద్ర ఉంది, అది ఊరికే వేయలేదు. నెత్తురు ఎక్కువ, ప్రేమ వ్యవహారాలు కూడా ఉన్నాయి. చిన్నపిల్లలకు తగదు. పెద్దపిల్లలు ఆడుతుంటే ఒకసారి పక్కన కూర్చోండి. తిట్టడానికి కాదు, అడగడానికి.

ఫెన్రిస్ కథ అక్కడితో ఆగలేదు. 2020లో వచ్చిన 'బ్లూ రెయిత్' అనే బొమ్మల కథలో అతడు తిరిగి టెవింటర్‌కే వెళ్లి బానిస వ్యాపారులను వేటాడుతుంటాడు. 2024 అక్టోబరులో వచ్చిన నాలుగవ ఆట కొంతభాగం టెవింటర్ దేశంలో జరిగినా అందులో అతడు లేడు. అభిమానులకు అది పెద్ద నిరాశ.

అన్నిటికంటే నాకు నచ్చినది ఒక చిన్న ఘట్టం. యుద్ధం లేదు, మంత్రం లేదు. హాక్ ఒక పుస్తకం తెచ్చి ఇస్తాడు. పూర్వం బానిసలను విడిపించడానికి పోరాడిన షార్టన్ అనే ఎల్ఫ్ గురించిన పుస్తకం. ఫెన్రిస్ దానిని చేతిలో పట్టుకుని ఊరకుంటాడు. షార్టన్ ఎవరో నాకు తెలుసు, కానీ బానిసలను చదువుకోనివ్వరు అంటాడు. అంత పొడవు కత్తి తిప్పేవాడు ఆ ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడతాడు. అతడు అక్షరాలు దిద్దుకునే సంగతి మీద అభిమానులు సొంతంగా కథలు రాసుకున్నారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మా అమ్మ నలభై ఏళ్ల వయసులో వయోజన విద్య బడిలో పేరు రాయడం నేర్చుకుంది. పలక కొంగు కింద దాచుకుని వెళ్లేది.

మావాడు వెళ్లే ముందురోజు రాత్రి ఆట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పుస్తకం ఇచ్చే చోటికి వచ్చేసరికి నన్ను కేకేశాడు. తెరమీద జవాబులు వరుసగా ఉన్నాయి. "పెద్దమ్మా, ఇది నువ్వు నొక్కు" అన్నాడు. కళ్లజోడు తెచ్చుకుని, నేను నేర్పిస్తాను అన్నది ఏదో అడిగి, అది నొక్కాను.