పద్దెనిమిదితో బడి ఆగింది, అమ్మకు మాత్రం సెలవు లేదు

కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. అమ్మ వాయిదా వేస్తూనే ఉంది. తాను ఆసుపత్రిలో పడుకుంటే ముప్పై రెండేళ్ల కొడుక్కి అన్నం ఎవరు తినిపిస్తారు? స్నానం ఎవరు చేయిస్తారు? రాత్రి ఉలిక్కిపడి లేస్తే పక్కన ఎవరుంటారు? సోలాపూర్‌లోనైనా, హోసూరులోనైనా, బళ్లారి, బరంపురం, యానాంలోనైనా ఇలాంటి ఇల్లు ఒక్కటీ తెలియని మనవాళ్లు అరుదు. పెళ్లికి పిలిస్తే ఆ ఇంటి నుంచి ఒక్కరే వస్తారు. తల్లో తండ్రో ఒకరు బిడ్డ దగ్గర ఉండిపోతారు.

ఈ తల్లిదండ్రులకు కావలసినది కాస్త తెరిపి. వారానికి కొన్ని గంటలు, ఏడాదికి కొన్ని రోజులు బిడ్డను నమ్మకంగా అప్పగించే చోటు. దీన్నే అధికారులు రెస్పైట్ కేర్ అంటున్నారు.

చట్టంలో ఉంది, వీధిలో లేదు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకుల నిర్వచనంలో తల్లిదండ్రులను కూడా చేర్చింది. ఎక్కువ సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భత్యం ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతోంది. అయితే ‘ఆర్థిక సామర్థ్యం మేరకు’ అనే మాట కూడా అందులోనే ఉంది. ప్రభుత్వాలకు ఆ మాట చాలు. చదువు సంగతి చూస్తే ఉచిత విద్య హక్కు 18 ఏళ్ల దాకానే. ఆ తర్వాత బిడ్డ రోజంతా ఇంట్లోనే ఉంటాడు. బిడ్డ బరువు పెరుగుతుంది, ఎత్తి కూర్చోబెట్టే చేతుల్లో బలం తగ్గుతుంది.

1999 నాటి చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం పనిచేస్తుంది. పగటిపూట చూసుకోవడానికి ‘వికాస్’, కొద్ది రోజుల బసకు ‘సమర్థ్’, పెద్దవాళ్లకు శాశ్వత నివాసంగా ‘ఘరౌందా’ అనే పథకాలు పెట్టింది. వీటిని నడిపేది మాత్రం ట్రస్ట్‌లో నమోదైన స్వచ్ఛంద సంస్థలు. అలాంటి సంస్థ లేని ఊళ్లో పథకం కాగితం మీదే ఉంటుంది.

డబ్బు సరిహద్దు దాటదు

పింఛన్లు రాష్ట్రానికో తీరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచాన పడినవారికి 15,000 ఇస్తున్నారు. తమిళనాడులో తీవ్ర వైకల్యానికి ఇచ్చే నిర్వహణ భత్యం 2,000. కర్ణాటక 2024-25 బడ్జెట్‌లో సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత వంటి నాలుగు జబ్బులవారిని చూసుకునేవారికి నెలకు 1,000 ప్రకటించింది. మన భాష ఆంధ్రదే అయినా మన రేషన్ కార్డు ఇక్కడిది, కాబట్టి పింఛనూ ఇక్కడిదే. యానాం వాళ్లకు కాకినాడ పక్కనే ఉంది. పథకం మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి నుంచి రావాలి. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది, పింఛను చెల్లదు. రేపు హైదరాబాద్‌లో ఉన్న అన్న తమ్ముణ్ణి తీసుకెళ్తే ఇక్కడి పింఛను వదులుకుని అక్కడ మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి.

ఎంత పింఛను పెరిగినా అది అమ్మకు ఒక పూట నిద్ర ఇవ్వదు. మనిషికి బదులు మనిషే కావాలి.

ఆకలని ఏ భాషలో చెప్పాలి?

ఇక్కడే మనకు మరో చిక్కు ఉంది. మాటలు తక్కువ వచ్చిన బిడ్డ ఆ కొద్ది మాటలూ అమ్మ భాషలోనే నేర్చుకున్నాడు. ‘బువ్వ’, ‘నొప్పి’, ‘భయం’ అనగలడు. మరాఠీయో ఒడియాయో మాత్రమే తెలిసిన ఆయాకు ఆ మాట అర్థం కాకపోతే వాడు అరుస్తాడు. ‘మొండివాడు’ అని రాసుకుంటారు. రెండో రోజే ఫోన్ వస్తుంది, తీసుకెళ్లిపొమ్మని. ఒకసారి అలా జరిగాక ఏ తల్లీ మళ్లీ పంపదు. భాషా మైనారిటీల హక్కులంటే తెలుగు బడి, తెలుగు పాఠ్యపుస్తకం అని అడుగుతూ వచ్చాం. తెలుగు తెలిసిన ఆయా కావాలని అడగడం కూడా ఆ హక్కులో భాగమే.

‘మా తర్వాత ఎవరు?’

ప్రతి తల్లినీ తొలిచే ప్రశ్న ఇది. చాలా ఇళ్లల్లో బిడ్డ అమ్మను విడిచి ఉండే మొదటి రాత్రి ఆమె ఆసుపత్రి పాలైన రాత్రో, కన్నుమూసిన రాత్రో అవుతోంది. ఆ ఒక్కరోజే తల్లి, మంచం, ఊరు అన్నీ మారిపోతాయి. ముందే నెలకో పూట, తర్వాత ఒక రాత్రి, ఆపైన మూడు రోజులు వేరేచోట ఉండటం అలవాటైతే ఆ రోజు అంత పిడుగులా పడదు. అందుకే ఈ తెరిపి అమ్మకు ఎంత అవసరమో బిడ్డకూ అంతే అవసరం.

కాగితాలూ ముందే సర్దుకోవాలి. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో తమంతట తామే సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆ నాలుగు రకాల వైకల్యాలకు జిల్లా కలెక్టరు స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ చేయవచ్చు. అదే ట్రస్ట్ ‘నిరామయ’ బీమా లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు భరిస్తుంది.

మన సంఘాలు చేయగలిగింది

మన సంఘాలకు చాలా ఊళ్లల్లో కల్యాణ మండపాలున్నాయి. ముహూర్తాలు లేని రోజుల్లో అవి ఖాళీ. వారానికి రెండు మధ్యాహ్నాలు, మూడేసి గంటలు ఒక హాలు తెరిస్తే మొదలుపెట్టవచ్చు. శిక్షణ పొందిన ఇద్దరు, వంతులవారీగా తల్లిదండ్రులు, తెలుగు తెలిసిన ఒక ఆయా ఉంటే చాలు. మూర్ఛ వంటివి ఉన్నవారికి వైద్యుల సలహా తప్పనిసరి. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని ఎన్‌ఐఈపీఎండీ ఈ రంగంలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థలు. పని నిలదొక్కుకున్నాక నేషనల్ ట్రస్ట్‌లో నమోదుకు వెళ్లవచ్చు.

ఉగాది సభలో సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి మళ్లించినా పని మొదలవుతుంది. అన్నిటికన్నా ముందు సంఘం సభ్యుల జాబితా తీసి, ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క రాయండి. ఆ తల్లి శుక్లం ఆపరేషన్ తేదీ ఎప్పుడు పెట్టుకోగలదో ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది.