ఏబది దాటిన కాపరులు



2025 మే 7న మా బార్కస్‌కు దగ్గరలోనే ఉన్న కంచన్‌బాగ్‌లో యుద్ధకాల జాగ్రత్తల కోసం మాక్ డ్రిల్ జరిగింది. ఆ సాయంత్రం మా సంఘపెద్ద ఒకరు ఇంటికి వచ్చారు. ఈమధ్యనే రిటైరయ్యారు.

“అయ్యగారూ, నన్ను మిలిటరీలో తీసుకుంటారా? తుపాకి ఇవ్వకపోయినా సరే, వంటపనికైనా పోతాను. కాలేబు 85 ఏళ్లకు యుద్ధానికి సిద్ధమన్నాడు గదా, నాకింకా 61 యే” అన్నారు.

మేము నవ్వాము. ఆయన నవ్వలేదు. పడుచుతనంలో సెలక్షన్‌కు పోతానంటే తల్లి ఏడ్చి ఆపిందట. నలబై ఏళ్లుగా ఆ కోరిక మనసులో దాచుకున్నారని మాకు అప్పుడే తెలిసింది. నవ్వినందుకు సిగ్గుపడ్డాము.

ఊరడింపు మాటలతో పంపక, ఉన్నది ఉన్నట్లు చెప్పాము. 2022లో అగ్నిపథ్ పథకం పెట్టినప్పుడు వయసు పదిహేడున్నర నుండి 21 అన్నారు. ఆ ఒక్క ఏడాదికి 23 వరకు సడలించారు. ఉద్యోగం చేసుకుంటూ టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసరుగా చేరాలన్నా 42 దాటకూడదు. మోకాళ్లు నొప్పిపెట్టే వారిని ముందు వరుసలో నిలుపకపోవడం కూడ ఒక కరుణే.

బార్కస్ అనే పేరే సైనికుల బ్యారక్స్ నుండి వచ్చింది. హద్రమౌత్ నుండి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతివారు మా ఇరుగుపొరుగు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసిన పిమ్మట ఆ కొలువు పోయింది. ఆయుధమే జీవనాధారమైనవారు నడివయసులో వేరే బ్రతుకుతెరువు వెదకుకొనవలసి వచ్చింది. కొలువు పోయినవాని బాధ ఈ వీధులకు కొత్త కాదు.

ఆ రాత్రి సంఖ్యాకాండము 8వ అధ్యాయము తెరిచాము. లేవీయులు 50 ఏళ్లు రాగానే బరువు పని మానాలి. అయితే ఇంటికి పొమ్మనలేదు. గుడారమునొద్ద తమ సహోదరులకు తోడుగా కాపుకాయాలని ఉంది. హెబ్రీ మూలములో అక్కడ వారి సేవకు వాడిన మాట సైన్యానికి వాడే మాటే! బరువు దించుమన్నాడు గాని దేవుడు కాపు మానుమనలేదు.

మరి మనమేం చేశాము? రిటైరైన పెద్దలకు దండ వేసి, ముందు కుర్చీ చూపించి, చేతిలోని పని తీసేసుకున్నాము. ఈ తప్పు మాదే.

మా సంఘపు బిడ్డ ఒకడు అప్పుడు జమ్మూలో డ్యూటీలో ఉన్నాడు. నాలుగు రోజులు ఫోను రాలేదు. తల్లి అన్నం మానేసింది. మేము ఆదివారం ప్రార్థనలో పేరు తలచి ఊరుకున్నాము. ఆ పెద్దాయన మాత్రం, మేము చెప్పకముందే, ప్రతి సాయంత్రం వారింటికి పోయి కూర్చున్నారు. కీర్తన చదివేవారు, ఆమె చేత రెండు ముద్దలు తినిపించేవారు. ఐదోనాడు ఫోను మోగినప్పుడు కూడ ఆయన అక్కడే ఉన్నారు.

“చేరారుగా!” అన్నాము తరువాత.

“చేరాను గాని యూనిఫాం లేదు” అన్నారాయన. ఆ కోరిక ఇంకా పోలేదు. పోవాలని మేము అడగము కూడ.

ప్రియులారా, మీ సంఘములోనూ అట్టివారుంటారు. ఈ ఆదివారం వారికి కుర్చీ కాదు, పని చూపించండి. కాపుకాయువారిని ప్రభువు బలపరచును గాక! ఆమేన్.