ఆసుపత్రి కమిటీలో సగానికి పైగా కుర్చీలు రోగులవే కావాలి



అమెరికా సంగతులు కోనసీమకి కొత్త కాదు. చాలా వీధుల్లో ఒక ఇంటి పిల్లలైనా డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్నారు. వాళ్లు సెలవులకి వచ్చినప్పుడు గమనించండి. చుట్టాల ఇళ్లకి వెళ్లేలోపే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తారు. కూతురి పురుటికి అక్కడికి వెళ్లే తల్లి ఆవకాయ జాడీతో పాటు ఆర్నెల్లకి సరిపడా బీపీ, షుగరు మాత్రలు సర్దుకుంటుంది. అక్కడ కొనుక్కునే విజిటర్ బీమా పాత జబ్బులని సాధారణంగా ఒప్పుకోదు మరి. అంత డబ్బున్న దేశంలో మనవాళ్లకి జబ్బు కంటే బిల్లంటేనే బెంగ ఎక్కువ.

ఆ దేశం వైద్యం మీద తక్కువేమీ ఖర్చు పెట్టడం లేదు. 2023లో దేశ స్థూల ఉత్పత్తిలో దాదాపు 17.6 శాతం వైద్యానికే పోయింది. అయినా బీమా లేనివాళ్లు రెండున్నర కోట్లకు పైనే. ఆ ఏడు సగటు ఆయుష్షు చూస్తే జపాన్ వాళ్లది 84 ఏళ్లు, అమెరికా వాళ్లది 78 చిల్లర. కారణాలు చాలానే ఉన్నాయి కానీ, రోగికీ డాక్టరుకీ మధ్య బీమా కంపెనీ గుమాస్తా కూర్చోవడం వాటిలో ఒకటి. ఏ పరీక్ష చేయాలో, ఎన్ని రోజులు ఉంచాలో చాలాసార్లు ముందు కంపెనీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే డాక్టరు ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.

ఈ గొడవ ఇక్కడెందుకంటారా? 2025 సెప్టెంబరులో మన రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం రెండున్నర లక్షల రూపాయల వరకు వైద్యం బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ద్వారా నడుస్తుంది. 2007లో ఈ పథకం ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైనప్పుడూ బీమా కంపెనీతోనే మొదలైంది, తర్వాతే ట్రస్టు చేతికి వచ్చింది. అంటే ఒకసారి నడిచి వదిలిన దారిలోకే మళ్లీ వెళ్తున్నాం. ట్రస్టు పద్ధతి బంగారమని మేం అనడం లేదు. బకాయిలు చెల్లించలేదని 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తే ఆరోగ్య కార్డు చేతిలో ఉన్నా మంచం దొరకని పరిస్థితి వచ్చింది. డబ్బు ట్రస్టు ఇస్తుందా కంపెనీ ఇస్తుందా అన్నదొక్కటే తేలితే చాలదు. ఆ డబ్బుకి లెక్క అడిగే చోట రోగి ఉన్నాడా లేడా? మా ప్రశ్న అదే.

కార్డు పెద్ద ఆపరేషన్ల దగ్గర ఆదుకుంది, గుండె ఆపరేషన్లు చేయించుకుని బతికినవాళ్లు మన మధ్యే ఉన్నారు, కాదనం. కానీ కుటుంబాన్ని నెలనెలా పీల్చేది ఆపరేషన్ కాదు. షుగరు మాత్రలు, రక్తపరీక్షలు, కాకినాడకో రాజమండ్రికో వెళ్లే బండి ఖర్చు, ఆ రోజు పోయిన కూలి. వీటిలో చాలా భాగానికి కార్డు పనికిరాదు. కేంద్రం లెక్కల్లోనే 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39 శాతం జనం జేబులోంచి నేరుగా కట్టిందే.

డబ్బు ఎటు పారితే వైద్యం అటు వంగుతుందనడానికి ఇంకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటులో 63, సర్కారు ఆసుపత్రుల్లో 27 లోపు. మన ఆడపిల్లల కడుపులు ఆసుపత్రి గేటు మారగానే మారిపోతాయా? మాకైతే నమ్మకం లేదు.

అమెరికా నుంచి నేర్చుకోవలసింది బీమా కాదు, ఇంకొకటి ఉంది. 1965లో జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ అనే ఇద్దరు డాక్టర్లు బోస్టన్ నగరంలోని ఒక పేదల కాలనీలో ఆరోగ్య కేంద్రం తెరిచారు. 1967లో మిసిసిపీ రాష్ట్రంలోని మౌండ్ బయూ అనే ఊళ్లో రెండోది తెరిచారు. అదీ డెల్టా భూమే. పత్తి చేలల్లో పని చేసే నల్లజాతి కూలీల ఊళ్లు. యంత్రాలొచ్చి కూలి పోయింది, పిల్లలు తిండి లేక చిక్కిపోతున్నారు. గైగర్ ఆ పిల్లలకి మందుచీటీ మీద తిండి రాసేవాడు. దుకాణంలో పాలు, కూరగాయలు, మాంసం తీసుకోమని, బిల్లు కేంద్రం మందుల పద్దులో వేయమని. పైవాళ్లు ఇదేమిటని అడిగితే, ఆకలి జబ్బుకి నేను చదివిన మందు తిండే అన్నాడట. ఆ కేంద్రం బావులు తవ్వించింది, మరుగుదొడ్లు కట్టించింది. కూలీలు సహకార సంఘం పెట్టుకుని కూరగాయలు పండించుకున్నారు. నోట్లో మాత్ర వేయకముందు నీళ్లు బాగుండాలని ఆ డాక్టర్లకి తెలుసు.

ఆ రెండిటితో మొదలైన ఇలాంటి కేంద్రాలు ఈరోజు అమెరికా అంతటా వ్యాపించి ఏటా మూడు కోట్ల మందికి పైగా రోగుల్ని చూస్తున్నాయి. ఫీజు ఆదాయాన్ని బట్టి ఉంటుంది, డబ్బు లేదని పంపేయకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. కేంద్రాన్ని నడిపే బోర్డులో కనీసం 51 శాతం మంది ఆ కేంద్రంలో వైద్యం చేయించుకునేవాళ్లే అయి ఉండాలి. తలుపులు ఎన్ని గంటలకి తీయాలో, బడ్జెట్ ఎలా ఖర్చు పెట్టాలో, పై అధికారిగా ఎవరుండాలో నిర్ణయించేది ఆ బోర్డే.

మనకీ కమిటీలు లేకపోలేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక దేశమంతా రోగి కల్యాణ సమితులు పుట్టాయి, మన దగ్గర వాటిని ఆసుపత్రి అభివృద్ధి సంఘాలంటున్నాం. పేరు రోగిది, కుర్చీలు ఎక్కువగా ప్రజాప్రతినిధులవి, అధికారులవి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) సంఘం చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఏం తీర్మానించిందో మీలో ఎందరికి తెలుసు?

అందుకే మా కోరిక. కోనసీమ జిల్లాలో ప్రతి ప్రభుత్వాసుపత్రి అభివృద్ధి సంఘంలోనూ, పీహెచ్‌సీ నుంచి అమలాపురం ఏరియా ఆసుపత్రి దాకా, సగానికి పైగా సభ్యులు అక్కడ వైద్యం చేయించుకునే కుటుంబాల వాళ్లే ఉండాలి. చెట్టు మీంచి పడి నడుం విరిగిన దింపు కార్మికుడి భార్య ఉండాలి. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు తిరిగే మనిషి ఉండాలి. లంక ఊరి నుంచి ఒకరు తప్పనిసరి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నిండు గర్భిణిని ఏ రేవు నుంచి ఏ పడవలో దాటించాలో ఆ ఊరి ఆడవాళ్లకి తెలిసినంత కాగితం రాసేవాళ్లకి తెలియదు. వరద వచ్చే ముందే నెలలు నిండినవాళ్ల జాబితా, పడవ, దిగే చోట 108 బండి సిద్ధంగా ఉండాలని ఆ సంఘం జూన్‌లోనే తీర్మానించాలి.

సంఘం మూడు నెలలకోసారి అందరి ముందూ కూర్చోవాలి. ఏ మందు ఎంత ఉందో, పాము కాటు మందు సీసాలు ఎన్ని ఉన్నాయో, రాత్రి డ్యూటీ ఎవరిదో గోడ మీద తెలుగులో రాయాలి. చేలగట్లు, కొబ్బరి తోటలు ఉన్న చోట ఆ సీసాల లెక్క ఆషామాషీ విషయం కాదు. ఇక బీమా కంపెనీ ఎవరి వైద్యానికైనా డబ్బు ఇవ్వనంటే, ఎందుకివ్వదో రోగికి తెలుగులో కాగితం ఇవ్వాలి, అదే కాగితం సంఘం ముందుకీ రావాలి. ఏ ఆసుపత్రిలో ఎన్ని తిరస్కరణలో ఏటా జిల్లాకంతటికీ తెలియాలి.

రోగికి వైద్యం గురించి ఏం తెలుసని కొందరు డాక్టర్లు అడగవచ్చు. ఏ సూది వేయాలో సంఘం చెప్పదు, అది డాక్టరు పనే. ఓపీ మధ్యాహ్నానికే మూతపడితే కూలికెళ్లినవాడు ఎప్పుడు రావాలి అన్నది మాత్రం వైద్యశాస్త్రం కాదు. నిజాయితీగా పని చేసే డాక్టరుకి ఇలాంటి సంఘం కొండంత అండ. సిబ్బంది లేరని ఆయన ఒక్కడే రాస్తే కాగితం ఫైల్లో ఉంటుంది, ఇరవై ఊళ్ల రోగులు తీర్మానం చేస్తే ఎమ్మెల్యే గారి బల్ల మీదకొస్తుంది. రాజకీయం దూరదా అంటే, ఇప్పుడు లేదా? సభ్యుల్ని పార్టీ జాబితాలోంచి కాక ఓపీ రిజిస్టర్‌లో ఉన్న కుటుంబాల నుంచి గ్రామసభలో ఎంచుకుంటే కొంతైనా తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మేం మాటివ్వలేం.

మనకో అలవాటుంది. ఆసుపత్రిలో ఎవరేం చెప్పినా ‘ఆయ్, అలాగేనండి’ అని వచ్చేసి, అరుగు మీద కూర్చున్నాక తిట్టుకుంటాం. మర్యాద మనకి అందం, వదులుకోనక్కర్లేదు. మర్యాదగానే అడుగుదాం, కాగితం మీద అడుగుదాం.

ఈ సంఘాలు ప్రభుత్వ ఉత్తర్వులతో పుట్టినవి, మారాలన్నా ఉత్తర్వు చాలు. మీ పంచాయతీలో వచ్చే గ్రామసభలో ఈ కోరికని తీర్మానంగా పెట్టించండి. మీ ఆసుపత్రి అభివృద్ధి సంఘం గత సమావేశాల మినిట్స్, ఖర్చు లెక్కలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకి దరఖాస్తు ఫీజు లేదు. తీర్మానం నకలు తీసుకుని సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్క ఊరు ఒక్కసారి ఇస్తే ఫైలవుతుంది. అన్ని మండలాల నుంచీ వరసగా ఇద్దాం. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలకీ ఓ మాట: గుడి గోపురానికి పంపినట్టే పంపండి కానీ, ఈసారి డబ్బుతో పాటు మీ ఊరి పీహెచ్‌సీ లెక్కలేమయ్యాయని సర్పంచ్ గారికి ఒక ఫోన్ కూడా చేయండి.