‘మెల్లగ పో, బావా!’

కొత్తకోటకును అలంపురం చౌరస్తాకును నడుమ జాతీయ రహదారిప్రక్కన రాత్రివేళ నిలిచి చూచువారికి, హైదరాబాదు బెంగుళూరుల నడుమ తెంపులేక సాగిపోవు ఆ బస్సుల దీపపంక్తితో వనపర్తివారికిగాని గద్వాలవారికిగాని ప్రసక్తియేమియు లేదని తోచుట సహజము. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున పాలెమువద్ద కల్వర్టును ఢీకొన్న బస్సు మంటలపాలై 45 మంది మరణించిన దినమున, ఆ ప్రసక్తి యెట్టిదో ఈ సీమకు తెలిసివచ్చినది. పండ్రెండేండ్ల తరువాత, 2025 అక్టోబరు 24న, ఇదే బాటను పట్టి కృష్ణను, తుంగభద్రను దాటిపోయిన మరియొక బస్సు కర్నూలునకావల చిన్నటేకూరు దాపున తగులబడి 19 మంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. ఈమారు బస్సునకు అడ్డుపడినది కల్వర్టు కాదు. త్రాగి బండి నడపి, అదుపు తప్పి పడి, అప్పటికే అసువులు బాసిన యొక యువకుని మోటారుసైకిలు. అతడు మద్యము సేవించియుండెనని ఫోరెన్సిక్ పరీక్ష తేల్చినది.

త్రాగి నడపువానికి చట్టమున శిక్ష తక్కువయనువారు ఆ చట్టమును చదివినవారు కారు. 1988నాటి మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షను ప్రకారము, నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నచో, మొదటి తప్పునకు ఆరుమాసములవరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును. మరల పట్టుబడినచో రెండేండ్లవరకు జైలు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండును. 2019నాటి సవరణకు పూర్వము మొదటి తప్పునకు జరిమానా 2,000కు మించెడిది కాదు. పైగా ఇది హెల్మెటు లేనందుకు వచ్చు చలానావలె ఫోనులో కట్టి మరచిపోవు బాకీ కాదు; మేజిస్ట్రేటు ఎదుట నిలిచి, పేరు పిలిచినప్పుడు నలుగురిలో చేతులు కట్టుకొనవలసిన నేరము. ప్రాణహాని జరిగినచో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ఐదేండ్లవరకు చెర విధించును. త్రాగి కారు నడపి, ముంబయిలో కాలిబాటపై నిద్రించుచున్న రోడ్డుపని కూలీలలో ఏడుగురి మృతికి కారకుడైనవాని విషయమున, అది కేవలము అజాగ్రత్త గాదు, హత్యగా పరిగణింపబడని నరహత్యయని సుప్రీంకోర్టు 2012లో నిర్ధారించినది. తరతరములుగా బొంబాయికి వలసపోయి, అట్టి కాలిబాటలపైననే నడుము వాల్చిన కూలీలను కన్న పాలమూరు సీమవానికి ఆ తీర్పు పరాయిది కాజాలదు.

కాబట్టి కొరత శిక్షలో లేదు. పట్టుబడువాడెవ్వడన్న ప్రశ్నలో నున్నది. రక్షకభటుని చేతి యంత్రము ఊపిరిలోని ఆల్కహాలును మాత్రమే లెక్కించును. క్లోరల్ హైడ్రేటు, డైజిపాము కలిపిన కల్తీకల్లు మనయొద్ద ఎంత పాత వ్యాధియో, కల్లుకాంపౌండ్ల సంగతి తెలిసిన పాలమూరి పెద్దల కెవరికిని చెప్పనక్కరలేదు. ఆ మందులమత్తులో కన్ను మూతపడుచుండగా బండి యెక్కినవానియెదుట యంత్రము మౌనము వహింపవచ్చును. మత్తుమందుచే వాహనముపై అదుపు కోల్పోయినవాడును దోషియేయని అదే 185వ సెక్షను రెండవ భాగము చెప్పుచున్నది.  కాని తూలుచున్నవాని ఊపిరిలో అంకె కనబడలేదని వానిని పంపివైచు భటునికి ఆ రెండవ భాగము జ్ఞప్తికి రావలెను గదా!

ఇక చట్టములోనే యుండి ఎవరి కంటను పడని మరియొక చిన్న సెక్షనును గూర్చి చెప్పుటకే ఈ వారము కలము పట్టితిని. అది 188వది. త్రాగి నడపుటకు తోడ్పడినవానికిని నడపినవానికి విధించు శిక్షయే యని దాని సారాంశము. పిల్లవానికి బండి యిచ్చిన తండ్రిని 2019నుండి మూడేండ్ల చెరకును 25,000 రూపాయల జరిమానాకును పాత్రుని చేసిన 199ఏ సెక్షనును పోలీసువారు పాఠశాలల ముంగిట వినిపింతురు; దానికంటె పాతదైన 188ని నేను ఏ బోర్డుపైనను చూచి యెరుగను.

తోడ్పడుట యనగా నేమి? పెబ్బేరులోనో, అచ్చంపేటలోనో, అయిజలోనో ఒక పెండ్లి దావతును తలచుకొనుడు. భోజనములు ముగిసినవి, రాత్రి పదకొండయినది, బావగారు నిలువలేక నిలుచున్నారు. ఊరు పది మైళ్లున్నది. బామ్మర్ది వచ్చి, జేబులోనుండి తాళముచెవి తీసి, బండి తిప్పిపెట్టి, సెల్ఫు కొట్టి, భుజము తట్టి, “మెల్లగ పో, బావా!” యనును. ఇందు ద్వేషము లేదు, ప్రేమయే కలదు. కాని ఆ మాటను ఒక్కసారి విప్పి చూడుడు. ఒడలు తెలిసియున్నవానిని ఎవ్వరును అట్లు హెచ్చరింపరు. బావ త్రాగియున్నాడనియు, నడపుట ప్రమాదమనియు ఎరిగినవాని నోటనే ఆ మాట వచ్చును. నేరమునకు సాయపడినవానికి సంగతి తెలియునని రుజువుచేయుట కష్టమని న్యాయవాదు లందురు. మన దావతులలో ఆ రుజువును నలుగురి యెదుట మనంత మనమే పలికి మరి బండి నప్పగింతుము.

దీనికి ఇద్దరు ఎదురు చెప్పుదురు. మద్యపు దుకాణములకు లైసెన్సు లిచ్చి ఖజానా నింపుకొను ప్రభుత్వమును వదలి, పాపము బామ్మర్దినా పట్టుట యని యొకరు. అది న్యాయమైన ప్రశ్నయే. రహదారులకు 500 మీటర్లలోపల మద్యపు దుకాణము లుండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. మరుసటి యేడాదిలోనే చిన్న ఊళ్లకు దానిని 220 మీటర్లకు తగ్గించి, పురపాలక పరిధులకు వర్తింపదని స్పష్టపరచెను. కాని ప్రభుత్వము సీసాను అమ్మినది. తాళముచెవి నందించినది మనము. మర్యాదయను మాట తెచ్చువారు రెండవవారు. ఆడపడుచు భర్తను, అందులో త్రాగియున్నవానిని, “బండి ఇయ్య” అనగలవారెవ్వరు? అలిగి పోయినచో రేపు అత్తింటి గడప తొక్కడు. నిజమే, అలుగును. అలిగినవానిని పండుగకు బ్రతిమాలి తెచ్చుకొనవచ్చును.

పోలీసువారిని నేను కోరునది పెద్దది కాదు. త్రాగి పట్టుబడినవాని వాఙ్మూలములో ఇంకొక్క ప్రశ్న చేర్పుడు: “బండి చేతికిచ్చినదెవరు?” ఆ పేరు గలవానిని చెరకు పంపనక్కరలేదు, కౌన్సెలింగు నాడు బావప్రక్కన కూర్చుండబెట్టి, 188వ సెక్షనును తెలుగులో చదివి వినిపించిన చాలును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలువంటి, ఒకరి ముఖ మొకరెరిగిన ఊళ్లలో, అటువంటి పిలుపు పది మందికి వచ్చినచో పదకొండవ దావతులో ఆ వార్త తానై తిరుగును. అప్పుడు బామ్మర్ది తాళముచెవిని తన జేబులోనే యుంచుకొని, మిద్దెమీద నులకమంచము వాల్చి, చెంబుతో నీళ్లు పెట్టి, “ఇయ్యాల ఈడ్నే పండుకో బావా, పొద్దుగాల పోదువు” అనును. బావ తిట్టవచ్చును. తిట్టనిండు.

— పాలమూరి బాటసారి