ప్రాణం పోకుండా పొరపాటు నేర్పే పాఠం

మన ఊళ్ళలో కరెంటు పోతే తిట్లు తినేది లైన్‌మనే. అతని పని ఎంత ప్రమాదమో మనం ఆలోచించం. 11 కేవీ లైను ముట్టుకునే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి, ఏబీ స్విచ్ తెరవాలి, లైనులో కరెంటు లేదని పరీక్షించాలి, రెండు వైపులా ఎర్త్ చేయాలి. ఒక ఫీడరుకు బదులు మరొకదానికి క్లియర్ తీసుకున్నా, ఎవరి జనరేటరో లైనులోకి కరెంటు ఎక్కించినా ప్రాణం పోవచ్చు. ఇటువంటి పొరపాటును నిజం స్తంభం మీద చేయించి నేర్పలేం కదా!

వర్చువల్ రియాలిటీ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. 2016లో ఆక్యులస్ రిఫ్ట్ 599 డాలర్లకు వచ్చింది. పైగా దానికి ఖరీదైన కంప్యూటర్ కావాలి. 2024లో మెటా క్వెస్ట్ 3ఎస్ సుమారు 300 డాలర్లకే వచ్చింది, కంప్యూటర్ అవసరమే లేదు.

హెడ్‌సెట్ చవకైంది సరే, అసలు ఖర్చు పాఠం తయారీది. అమెరికా బకెట్ ట్రక్కు చుట్టూ అల్లిన పాఠం, సిమెంటు స్తంభానికి నిచ్చెన వేసుకునే మన లైన్‌మన్‌కు సరిపడదు. మన స్విచ్‌లు, మన లైన్లు, తెలుగు మాటలు కావాలి. ఒక్కసారి బాగా చేస్తే రెండు రాష్ట్రాల డిస్కంలూ వాడుకోవచ్చు. ఇక్కడి తెలుగు ఇంజనీర్లు ఊరికి చేయగలిగిన సాయాల్లో ఇదొకటి.

అయితే హెడ్‌సెట్‌లో ఎండా, చెమటా, పనిముట్ల బరువూ ఉండవు. స్తంభం ఎక్కడం ఎక్కే నేర్చుకోవాలి. అన్నిటికన్నా ముందు గ్లౌజులు, ఎర్త్ రాడ్లు ప్రతి లైన్‌మన్‌కూ అందాలి. అవి లేనిచోట ఈ పాఠం వట్టి వేడుకే.