వంద గజాల గీత లోపల ఎవరున్నారు?

బడి దగ్గర సిగరెట్లు అమ్మే బంకుల మీద తనిఖీలంటే అధికారులు ముందుగా చెప్పేది 2003 నాటి కోట్పా చట్టం పేరే. దాని సెక్షన్ 6 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు వంద గజాల లోపల అసలు ఎవరికీ అమ్మకూడదు. ఈ దూరాన్ని ప్రహరీ గోడ నుంచి చుట్టూతా కొలుస్తారు. నిబంధన మంచిదే. నోటి క్యాన్సర్ వస్తే పెద్దాసుపత్రి వరండాలో పడిగాపులు పడేది మనవాళ్లే కాబట్టి దాన్ని ఎత్తేయమని అడగాల్సిన పని మనకు లేదు.

అడగాల్సింది వేరే ఉంది. కర్నూలు, కడప జిల్లాల్లో మాల, మాదిగ వాడల్లోని చిల్లర వ్యాపారాన్ని చూడండి. ఊళ్లో మాదిగ ఆడమనిషి టీ కొట్టు పెడితే పెద్దకులాల వాళ్లు ఎంతమంది వచ్చి తాగుతారు? సీలు వేసిన సిగరెట్ ప్యాకెట్టుకు, బీడీ కట్టకు మాత్రం ఆ అంటు అడ్డురాదు. వానల్లేక పంట పోయిన ఏడు తక్కువ పెట్టుబడితో నిలబడే వ్యాపారం ఈ బంకే. పొగాకును బంకు దాకా పంపే కంపెనీ గానీ, హోల్‌సేల్ వ్యాపారి గానీ ఈ వంద గజాల లెక్కలోకే రారు.

సెక్షన్ 24 ఈ తప్పుకు వేసే శిక్ష 200 రూపాయల దాకా జరిమానా. బంకు పీకేయమని అందులో లేదు. పీకేసేది ఆక్రమణ పేరుతో. అక్కడ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 3 చెబుతోంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు తగిన చోటు. మీ మున్సిపాలిటీలో ఆ కమిటీలో మనవాళ్లు ఎందరున్నారో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. ఈ చట్టం పట్టణాలకే. పంచాయతీ ఊళ్లలోని బంకులకు ఆ రక్షణ కూడా లేదు.

ఇదే గీత పిల్లల వైపు నుంచి కూడా తప్పుతోంది. కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాల నుంచి జనం మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతారు. పిల్లలు సీజనల్ హాస్టళ్లలో, సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఉండిపోతారు. కోట్పా నియమాలు విద్యాసంస్థ అంటే బడి, కళాశాల, ఉన్నత విద్యాసంస్థ అని పేర్లు చెప్పాయి. హాస్టల్ పేరు లేదు. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లలు రాత్రంతా ఉండే చోటికి వంద గజాల రక్షణ కావాలని మన విద్యార్థి సంఘాలు ఎందుకు అడగవు?

ఈ మధ్య గంజాయి పేరు కూడా దీనికి తోడవుతోంది. గంజాయి అమ్మకం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఎక్కడైనా నేరమే, దానికి దూరంతో పని లేదు. రెండింటినీ కలిపేస్తే వాడలోని ప్రతి బంకూ అనుమానం కిందికి వస్తుంది. పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా జైలు ఉంది. 200 రూపాయలకూ ఏడేళ్లకూ మధ్య ఏ కేసు పెట్టాలో తేల్చేది స్టేషనే. ఆ స్టేషన్‌లో మన మాట ఎంత చెల్లుతుందో మనకు తెలుసు.

కలెక్టరేట్‌లో ఇచ్చే వినతిపత్రంలో రెండు డిమాండ్లూ కలిపే రాయాలి. గీత హాస్టల్ దాకా జరగాలి. గీత లోపలున్న బంకులో పొగాకు ఆపించండి గానీ, బంకు ఉండనివ్వాలి, వేరే సరుకు పెట్టుకోవడానికి ఎస్సీ కార్పొరేషన్ రుణం ఇవ్వాలి.