మెట్ట ఊళ్లకు నప్పని పట్టణ కొలత

ఊరు పట్టణమైందని ఎప్పుడు ఒప్పుకోవాలన్న దానిపై ప్రపంచ దేశాలకు ఏకాభిప్రాయం లేదు. డెన్మార్క్ 200 మంది దగ్గరదగ్గరగా నివసిస్తే చాలంటుంది, జపాన్ నగర హోదాకు 50,000 జనాభాను ప్రాతిపదికగా పెట్టుకుంది. మన దేశంలో పంచాయతీ పాలనలోనే ఉన్నప్పటికీ 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత ఉండి, మగ ప్రధాన శ్రామికుల్లో, అంటే ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసే మగవారిలో, 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉన్న ఊళ్లను ‘సెన్సస్ టౌన్లు’గా లెక్కిస్తారు. 1961 నుంచి దాదాపు ఇదే కొలత. కర్నూలు, కడప జిల్లాల మెట్ట ఊళ్లకు ఇది నప్పదు, మార్చి తీరాలి.

సీమలో ఇళ్లన్నీ ఒకచోట గోడకు గోడ ఆనించి ఉంటాయి, రెవెన్యూ గ్రామ పరిధి మాత్రం చేలు, వంకలు, గుట్టలు, బీళ్లు కలుపుకొని మైళ్ల కొద్దీ సాగుతుంది. జనాన్ని ఆ మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే, సందులో ఎద్దులబండి తిరగడమే కష్టమైన ఊరు కూడా కాగితం మీద పలుచబడిపోతుంది. వృత్తి షరతు మరీ విడ్డూరం: కోడుమూరులో మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టే స్త్రీ ఎంత శ్రమపడినా ఊరి స్వభావాన్ని తేల్చే లెక్కలోకి రాదు. జనగణన జరిగే కాలమూ చిక్కే. 2011లో మాదిరిగా ఫిబ్రవరిలో ఇంటింటికీ తిరిగేనాటికి కోసిగి, ఆదోని ప్రాంతాల కుటుంబాలు ఎన్నో సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, వెళ్లి ఉంటాయి. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివారిని ఉన్నచోటే రాసుకుంటారు గనుక సొంతూరి జనాభా ఆ మేరకు తరిగిపోతుంది.

2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన పద్ధతి నేలను చదరపు కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, 300 మందికి తగ్గని గళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని మొత్తం 5,000 మందికి చేరితే దాన్ని పట్టణ లక్షణమున్న ప్రాంతమంటుంది. వృత్తినీ, పంచాయతీ పొలిమేరనూ అడగదు. పూర్తిగా సేద్యంతో బతికే పెద్ద ఊరు సైతం ఈ లెక్కలో పట్టణమైపోవచ్చు కాబట్టి, స్త్రీల పనినీ కలుపుకున్న వృత్తి లెక్కను దాని పక్కన పెట్టాలి.

పన్నులు పెరుగుతాయని, గ్రామీణ ఉపాధి హామీ పనులు పోతాయని పల్లెలు జంకడంలో తప్పులేదు. అయితే గణాంకం వేరు, హోదా వేరు. పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతాల కోసం 74వ రాజ్యాంగ సవరణ నగర పంచాయతీని ఏర్పరచినా, నిర్ణయం రాష్ట్రం చేతిలోనే ఉంది. బండల పాలిష్‌కు పేరుపడ్డ బేతంచెర్ల 2011 జనగణనలోనే సెన్సస్ టౌన్ కాగా, అక్కడి నగర పంచాయతీకి ఎన్నికలు జరిగింది 2021 నవంబరులో.

2027 మార్చి 1 ప్రాతిపదికగా సాగే జనగణనలో పాత కొలతతో పాటు గళ్ల లెక్కను, ఆడవారి వృత్తులను, సుగ్గికి పోయినవారి సంఖ్యను ఊరూరికీ కేంద్రం ప్రకటించాలి. వాటిని బట్టి ఏ ఊరికి హోదా ఇస్తుందో, ఇవ్వకపోతే కారణమేమిటో రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి.